తెలుగు పీరియడ్‌లో చదివేదెవరు?

హైస్కూల్లో తెలుగు పీరియడంటే 45 నిమిషాలు. సారు పాఠం చదువుతారు, అర్థం చెబుతారు, బోర్డు మీద ప్రశ్న రాస్తారు, జవాబు చెప్పి రాయిస్తారు. పిల్లలు వింటారు, రాసుకుంటారు. గంట కొడతారు. డైరీలో పాఠం పూర్తయినట్టు పడుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. సారు బాగానే చెప్పారు, పిల్లలు బుద్ధిగానే విన్నారు. కానీ ఆ 45 నిమిషాల్లో పుస్తకంలోని అక్షరాల మీద ఎవరి కళ్లు ఎంతసేపు ఆనాయని అడిగితే లెక్క వేరేగా తేలుతుంది. ఆ రోజు తరగతిలో చదివింది సారు ఒక్కరే.

కొందరు టీచర్లు వంతుల వారీగా చదివిస్తారు. మంచిదే. అయితే 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరికి నిమిషం ఇచ్చినా 40 నిమిషాలు పోతాయి. ఒకరు చదువుతుంటే తక్కిన 39 మంది తమ వంతుకు వచ్చే పేరా ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. అదే ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వరుస కింద వేలు పెట్టి చూసేలా చేస్తే 20 నిమిషాల్లో ప్రతి ఒక్కరూ పది నిమిషాలు చదువుతారు. గోల ఉంటుంది, నిజమే. పక్క గదిలో లెక్కలు చెప్పే మేడం విసుక్కోవచ్చు. హెడ్మాస్టరుకు ముందే ఒక మాట చెప్పి పెట్టుకోవాలి.

తెలుగు పాఠానికి ప్రణాళిక రాయడమంటే ఈ లెక్క వేసుకోవడమే. ఇవాళ ఏం చెప్పాలన్నది రెండో ప్రశ్న. ఇవాళ ఎవరు, ఏ పేజీ, ఎంతసేపు చదువుతారన్నది మొదటి ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల బడులను ముందు పెట్టుకుని ఈ విషయం చూద్దాం. సాహిత్యానికి లోటు లేకపోయినా చదువుకు కరువున్న నేల ఇది, అందుకే ఇక్కడి ఉదాహరణ మిగతావాళ్లకూ పనికొస్తుంది.

ముందు ఆ వైరుధ్యాన్నే చూడండి. గద్వాల సంస్థానాన్ని పండితులు ‘విద్వద్గద్వాల’ అని పిలిచారు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవులను పోషించాయి. తిరుపతి వేంకట కవులు ఈ దారిన వచ్చి అవధానాలు చేసి వెళ్లారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఇప్పటి గద్వాల జిల్లా ఇటికాలపాడు మనిషి. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం, 1955లో, ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే వచ్చింది. 2021లో ‘వల్లంకి తాళం’కు అదే పురస్కారం అందుకున్న గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం.

ఇక రెండో వైపు. ఈ మూడు జిల్లాలూ అప్పట్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. నాటి తెలంగాణ పది జిల్లాల్లో అదే అట్టడుగు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అవే లెక్కలను విడగొట్టి చూస్తే జోగులాంబ గద్వాల 50 శాతం కూడా దాటలేదు. రాష్ట్రంలో చివరి స్థానం దానిదే. సంస్థానాల పాండిత్యం కోట గోడలు దాటి ఊళ్లలోకి రాలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇంట్లో మొదటిసారి బడికి వచ్చిన పిల్లలు ఇక్కడ చాలామంది. ఇంటి దగ్గర చదివించేవాళ్లు ఉంటారనుకుని వేసే ప్రణాళిక వాళ్లకు పనిచేయదు. చదవడమంటూ జరిగితే అది బడిలోనే, పీరియడ్‌లోనే జరగాలి.

ఆ పిల్లలకు చదవడం ఎక్కడ అడ్డుపడుతుందో తెలియాలి. 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ఒక చిన్న సూత్రం చెప్పారు. అక్షరాలను కూడబలుక్కునే శక్తి ఒకటి, విన్న భాష అర్థం చేసుకునే శక్తి ఒకటి. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే చదివి గ్రహించడం. కూడిక కాదు, గుణకారం. అంటే రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. పేరా గడగడా చదివి ఒక్క ముక్క అర్థం కాని పిల్లవాడూ, కథ వింటే గంటసేపు తిరిగి చెప్పగలిగి పుస్తకం తెరిస్తే నోరు పెగలని పిల్లా, ఇద్దరూ ‘చదువు రాని’వాళ్లే. కానీ ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

అక్షరాల సంగతి తీసుకుందాం. అచ్చులూ హల్లులూ నేర్పేస్తే పనైపోయిందని పెద్దలం అనుకుంటాం. గుణింతాలన్నీ కలిపితేనే నాలుగు వందల రూపాలు దాటుతాయి, ఒత్తులు చేరితే ఇంకెన్నో. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, ఈ అక్షరాలు పూర్తిగా పట్టుబడటం నాలుగో తరగతి దాకా సాగుతుందని చూపింది. మామూలుగా బడికి వచ్చే పిల్లల సంగతి అది. మధ్యలో నెలా రెండు నెలలు బడి పోయిన పిల్లలు ఆరో తరగతికొచ్చినా ఒత్తుల దగ్గర తడబడుతున్నారంటే అది మొద్దుతనం కాదు. వాళ్లకు దక్కాల్సిన రోజులు దక్కలేదు. ప్రభుత్వం 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ‘తొలిమెట్టు’, ఆ తర్వాత పై తరగతులకు ‘ఉన్నతి’ కార్యక్రమాలు మొదలుపెట్టింది ఈ వెనకబాటును దృష్టిలో పెట్టుకునే.

రెండోది భాష. పాఠ్యపుస్తకపు తెలుగు ఇక్కడ అందరి ఇంటి తెలుగు కాదు. గట్టు, కేటీ దొడ్డి మండలాలు దాటితే రాయచూరు. అక్కడి ఇళ్లలో కన్నడం కలగలిసిన నడిగడ్డ మాట వినిపిస్తుంది. తండాల్లో లంబాడీ. అమ్రాబాద్ వైపు నల్లమలలో పెంటలనే చెంచు గూడేల మాట తీరే వేరు. ఈ పిల్లలు పాఠ్యపుస్తకపు వాక్యాన్ని కూడబలుక్కున్నా, అది ఎన్నడూ చెవిన పడని మాటలా తోస్తుంది.

మూడోది కాలం. ప్రణాళికలు రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేదీ, ఇక్కడ అన్నిటికన్నా గట్టిగా తగిలేదీ ఇదే. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి వేస్తారు. పూత మొదలయ్యాక రెండు మూడు నెలలు క్రాసింగ్ పని. సాయంత్రం మొగ్గలోని మగభాగం తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. బడి మొదలయ్యే వేళా, వదిలే వేళా రెండూ పనివేళలే. ఈ పనిలో పిల్లలను పెట్టడం చట్టవిరుద్ధం, ఆపాల్సిందే. ఏళ్లుగా ఎన్నో సంస్థలు పోరాడుతూనే ఉన్నాయి. అయినా ఆగస్టు, సెప్టెంబరు హాజరు పట్టీలు పల్చబడుతున్నాయంటే టీచరు దానికి తగ్గట్టు తయారుగా ఉండాలి కదా. దసరా దాటాక వలసలు. పాలమూరు లేబర్ అన్న పేరు ఊరికే రాలేదు. తల్లిదండ్రుల వెంట పిల్లలూ కదిలిపోతారు.

జూన్‌లో వార్షిక ప్రణాళిక రాసేటప్పుడు పుస్తకంలోని వరుసనే తేదీల పక్కన దించేయడం అలవాటు. నా సలహా వేరు. హాజరు పల్చబడే నెలల్లో ఆరేడు పీరియడ్లు సాగే కథను పెట్టొద్దు. మొదటి భాగం విన్నవాడు మూడో భాగానికి ఉండడు, నాలుగో రోజు వచ్చినవాడికి తలా తోకా అందవు. ఆ నెలల్లో శతక పద్యాలు పెట్టుకోవచ్చు. ఒక్కో పద్యం తనంత తాను పూర్తి. వారంలో రెండు రోజులే వచ్చిన పిల్లకు రెండు పద్యాలైనా మిగులుతాయి. పెద్ద గద్య పాఠాలు జూన్, జులైలోనూ, పని తగ్గి పిల్లలు తిరిగొచ్చాకా చేసుకోవచ్చు. పరీక్షల సిలబస్ అడ్డం వస్తుంది నిజమే, ఆ మేరకు సర్దుకోవాలి. కానీ పాఠాల వరుస మార్చుకునే వీలు చాలా చోట్ల మనం అనుకునేదాని కన్నా ఎక్కువే ఉంది.

ఇప్పుడు ఒక పాఠాన్ని తీసుకుని ప్రణాళిక వేసి చూద్దాం. తెలంగాణ వచ్చాక తయారైన పదో తరగతి తెలుగు వాచకంలో పాకాల యశోదారెడ్డి రాసిన ‘కొత్తబాట’ కథ ఉంది. ఆమె 1929లో బిజినేపల్లిలో పుట్టారు, ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా. పల్లె జీవితంలో వచ్చిన మార్పు చుట్టూ, తన నేల మాటలోనే సాగించిన కథ. ఈ జిల్లాల టీచరుకు ఇలాంటి పాఠం దొరకడం అదృష్టం. హైదరాబాద్ పిల్లలు గైడులో అర్థాలు వెతుక్కునే మాటలను ఇక్కడి పిల్లల నాయనమ్మలు రోజూ వాడుతుంటారు. తెలుగు పీరియడ్‌లో ఈ పిల్లలకు గైడు కన్నా ఎక్కువ తెలిసిన సందర్భం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది?

అలాంటి పాఠాన్ని కూడా ‘కఠిన పదాలు, అర్థాలు’ బోర్డు మీద రాసి మొదలుపెడితే ఆ అవకాశం చేజారుతుంది. మొదటి పీరియడ్‌లో రచయిత్రి పరిచయం వద్దు, ఉద్దేశం వద్దు. టీచరు మొదటి భాగాన్ని మంచి గొంతుతో, మాట్లాడుకున్నట్టే చదవాలి. పిల్లలు పుస్తకంలో వరుస పట్టుకుని వెంట రావాలి. ఎక్కడా ఆగి అర్థం చెప్పొద్దు. అయిపోయాక అడగాల్సింది ఒకటే: ఇందులో మీ ఇంట్లో వినిపించే మాటలేవి, ఎప్పుడూ వినని మాటలేవి? బిజినేపల్లి పిల్లలు ఒక జాబితా చెబుతారు, గట్టు పిల్లలు ఇంకొకటి చెబుతారు. తండా పిల్ల తన ఇంటి మాట పక్కన పెడుతుంది. బోర్డు మీద ఇలా చేరినదే ఆ పాఠానికి అర్థాల పట్టిక.

రెండో పీరియడ్ జతలుగా చదవడానికి. బాగా చదివేవాళ్లను ఒక వరుసలో, తడబడేవాళ్లను ఇంకో వరుసలో వేస్తే తరగతి రెండుగా చీలుతుంది. కాస్త తేడా ఉన్నవాళ్లను కలపాలి, మరీ ఎక్కువ తేడా ఉండకూడదు. అసలు చదవలేని నలుగురైదుగురు ఉంటారు. పదో తరగతిలోనా అని ఆశ్చర్యపడే వేళ కాదిది. వాళ్లకు ముందురోజు సాయంత్రమే ఒక్క పేరా చూపించి, పక్కన కూర్చుని మూడుసార్లు చదివించి పంపాలి. మర్నాడు ఆ పేరానే వాళ్ల చేత చదివించాలి. ఒకే భాగాన్ని నాలుగైదుసార్లు చదివితే వేగమూ ధైర్యమూ పెరుగుతాయని జే శామ్యూల్స్ 1979లోనే రాశారు. దీనికి ఖర్చు లేదు. అందరి ముందు నవ్వులపాలు కానివ్వకుండా చదివించడమే ఇందులో అసలు సంగతి.

వాచకంలో భాగాల మధ్య ‘ఆలోచించండి – చెప్పండి’ అనే పెట్టెలుంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, ఆగమని చెప్పే గుర్తులు. చాలా తరగతుల్లో వీటిని దాటేసి చివరి ప్రశ్నలకు వెళ్లిపోతారు, ఎందుకంటే పరీక్షకు వచ్చేవి అవి. మూడు, నాలుగు పీరియడ్లను ఈ పెట్టెల చుట్టూ నడపాలి. ప్రశ్న అడిగి వెంటనే జవాబు చెప్పేయకుండా, పిల్లలు పుస్తకంలోకి తిరిగి వెళ్లి వాక్యం చూపించే దాకా ఆగాలి. ‘నీకెలా తెలుసు, ఏ వరుసలో ఉంది?’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు వినిపిస్తే అంత చదువు జరిగినట్టు. అయిదో పీరియడ్‌లో తమ ఊళ్లో ఈ పదేళ్లలో మారిన ఒక్క సంగతిని అర పేజీ రాయించాలి, ఇంటి మాటలో రాసినా తప్పు పట్టకుండా. రచయిత్రే అలా రాసింది కదా! ఆరో పీరియడ్ పరీక్ష జవాబులకు. ఇక్కడికొచ్చేసరికి జవాబులు డిక్టేట్ చేయాల్సిన అవసరం చాలా మటుకు తీరిపోతుంది.

పద్యం వేరే దారి కోరుతుంది. ప్రతిపదార్థంతో మొదలుపెట్టిన పద్యం పిల్లల మీద రాళ్లకుప్పలా పడుతుంది. ముందు వినిపించాలి, రాగం తెలిసిన టీచరైతే పాడాలి. చిరుతల రామాయణం ఆడే ఊళ్లు ఇంకా ఉన్నాయి. భాగోతం చూసిన తాతలున్నారు. అలాంటి తాతను ఒక రోజు బడికి పిలిస్తే తెలుగు పీరియడ్ ఆయనదే. విన్నాక సంధులు విడదీసిన పద్యాన్ని బోర్డు మీద రాసి చదివించాలి. మొత్తంగా ఏం జరుగుతోందో పిల్లల మాటల్లో చెప్పించాలి. ప్రతిపదార్థం ఆ తర్వాతే. కంఠస్థాన్ని నేను తక్కువ చేయను. పదిహేనేళ్లప్పుడు నోటికొచ్చిన పద్యం అరవై ఏళ్లకూ ఉంటుంది. కానీ అర్థమయ్యాక నోటికి రావాలి.

పదో తరగతి ఉపవాచకం రామాయణం. ఇక్కడా స్థానికంగా చెప్పడానికి ఒక సంగతి ఉంది. ‘రంగనాథ రామాయణం’ ద్విపదలో రాసిన గోన బుద్ధారెడ్డిది వర్ధమానపురం. దాన్ని ఇప్పటి బిజినేపల్లి మండలంలోని నందివడ్డెమాన్‌గా గుర్తించారు. బస్సులో పోయి చూసి రాగలిగిన చోటు. చదువుతున్న కథను ఏడు వందల ఏళ్ల కిందట తమ జిల్లా మనిషి పద్యంగా కట్టాడని తెలిస్తే పిల్లలు పుస్తకాన్ని చూసే చూపు మారుతుంది. ప్రశ్నలనూ కాస్త కదిలించాలి. భరతుడు పాదుకలు ఎందుకు తెచ్చాడన్నది గైడు ప్రశ్న. పాదుకలు సింహాసనం మీదున్న ఆ పద్నాలుగేళ్లలో అయోధ్యలో కొట్టు నడుపుకునే మనిషికి ఏం తేడా తెలిసి ఉంటుందన్నది గైడులో లేని ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే పిల్ల మళ్లీ పేజీలు తిప్పాలి.

చిన్న తరగతులకు, ముఖ్యంగా చెంచు, లంబాడీ పిల్లలకు ఇంకో పద్ధతి చెప్పాలి. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ తన అనుభవాన్ని 1963లో ‘టీచర్’ అన్న పుస్తకంగా తెచ్చారు. పిల్లలు తమ బతుకులోంచి చెప్పిన మాటలనే రాసి, వాటినే మొదటి వాచకంగా చదివించేవారామె. అమ్రాబాద్‌లో ఇది చాలా తేలిక. తేనె తీసిన రోజు ఏం జరిగిందో పిల్లవాడు చెబుతాడు. సారు బోర్డు మీద అయిదు వాక్యాలుగా రాస్తారు. కొన్ని మాటలు వాడి ఇంటివి, కొన్ని బడివి. తరగతంతా చదువుతుంది, చార్టు మీదికి ఎక్కించి గోడకు తగిలిస్తారు. నెల తిరిగేసరికి గోడ నిండా పాఠాలుంటాయి.

దీని వెనక ఉన్న సూక్ష్మం చాలామందికి తెలియదు. తెలిసిన విషయం గురించి చదివితే గ్రహింపు పెరుగుతుంది. అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 1988లో ఏడు, ఎనిమిదో తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట మీద ఒక కథనం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్లను మించిపోయారు. నల్లమల పిల్లకు అడవి గురించీ, గద్వాల పిల్లకు మగ్గం గురించీ, కొల్లాపురం పిల్లకు మామిడి తోట గురించీ ఉన్న పేజీలు మొదట ఇవ్వాలి. తెలియని లోకాల గురించి ఆ తర్వాత ఇవ్వాలి. తెలిసినదాని దగ్గరే ఆగిపోతే అది ఇంకో అన్యాయం.

పుస్తక సమీక్ష ముచ్చట ఒకటి మిగిలింది. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో బయటి పుస్తకం చదివి సమీక్ష రాస్తే మార్కులున్నాయి. ఆలోచన గొప్పది. జరిగేదేమిటంటే ఒకరు రాస్తారు, ముప్పై మంది దించుతారు. దీనికి మందు కష్టమైనదేమీ కాదు. రాయించడానికి ముందు నోటితో చెప్పించాలి. ‘ఈ కథలో నీకు నచ్చని చోటేది? నువ్వైతే ఎక్కడ ఆపేస్తావు?’ అని అడగాలి. చదవనివాడు ఈ ప్రశ్నకు జవాబు దించలేడు. మార్కులు తర్వాత వేసుకోవచ్చు. అసలు కథలంటే సమయం వృథా అనుకునేవాళ్లు గిజూభాయి బధేకా ‘పగటికల’ చదవాలి. తొంభై ఏళ్ల కిందట గుజరాతీలో రాసినది, తెలుగులోనూ దొరుకుతుంది. అల్లరి తరగతి చేతికి చిక్కిన మాస్టారు పాఠం పక్కన పెట్టి కథతో మొదలుపెడతాడు. ముందు వినడం అలవాటవుతుంది, ఆ వెంట చదవడమూ మొదలవుతుంది.

ఇవన్నీ జరగాలంటే పుస్తకాలు కావాలి. చాలా బడుల్లో ఉన్నాయి, బీరువాలో ఉన్నాయి. చిరిగిపోతాయేమో, ఆడిట్‌లో లెక్క తేలదేమో అన్న భయంతో తాళం పడి ఉంటుంది. చదివితే పుస్తకం నలుగుతుంది, కొన్నేళ్లకు చిరుగుతుంది. చదివి చిరిగిన పుస్తకాన్ని లెక్కలోంచి తీసేయడానికి హెడ్మాస్టర్లు జంకకుండా ఉండేలా విద్యాశాఖ రాతపూర్వకంగా భరోసా ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈసారి బడిలో మీటింగుకు పిలిచినప్పుడు మార్కుల సంగతి రెండో మాటగా అడగండి. ముందు పుస్తకాల బీరువా తెరవమని అడిగి, మీ పిల్ల చేతికి ఇంతకు ముందు చూడని కథల పుస్తకం ఒకటిచ్చి ఒక పేజీ చదివించుకుని వినండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, ఆ కథలో ఏం జరిగిందో మీ ఇంటి మాటలో చెప్పమనండి. చెప్పలేకపోతే పిల్లను కోప్పడకండి. తెలుగు పీరియడ్‌లో రోజూ ఎంతసేపు చదివిస్తున్నారో సారునూ మేడంనూ మర్యాదగా అడగండి.